పొగ లేని పొయ్యి

జూన్ 2006, మంగళవారం, టేకులపల్లి

ప్రభుత్వ పథకం కింద మేము కట్టించిన పొగ లేని పొయ్యిని గూడెంలో ముత్తమ్మక్క గడ్డపారతో పగలగొట్టింది. "వీళ్లకు తెలివి లేదని రిపోర్టు రాసెయ్" అన్నాడు మా ఇంజినీరు, జీపు దిగకుండానే. నాకు ఒళ్లు మండింది. నేనే లోపలికి వెళ్లి ఎందుకని అడిగాను.

ఆమె పొయ్యి పైన వాసానికి కట్టిన మొక్కజొన్న కంకుల్లోంచి ఒకటి తెంపి నా చేతిలో పెట్టింది. నలిపితే పిండి రాలింది.

"పొగ తగుల్తేనే విత్తనానికి పురుగు రాదు సారూ. మీ పొయ్యి పెట్టినంక అన్నీ పుచ్చిపోయినయి. వాన వడ్డది, ఇప్పుడేం ఎయ్యాలె?"

ఇంటికొచ్చినా కోపం దిగడం లేదు. పోయినేడు ఈ పొయ్యికి కొలతలు తీసేటప్పుడు ఆ కంకులు తలకు తగులుతుంటే విసుక్కుని పక్కకు నెట్టింది నేనే. ఎందుకు కట్టారని ఒక్క మాట అడగలేదు. ఇంజినీరును తిట్టడానికి నాకు నోరెక్కడిది?