ఒడ్డున విడిచిన చెప్పులు

షామ్‌బర్గ్, అమెరికా, బుధవారం

పెద్దక్కయ్యకు నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా.

మొన్న శనివారం అమ్మాయి రాగిణి, మనవరాలు దియ నన్ను ఏటి ఒడ్డునున్న స్టేట్ పార్కుకు తీసుకెళ్ళారు. అక్కడ అద్దె పడవలో తెడ్లు వేసుకుంటూ పోవాలి. చెప్పులతో ఏట్లో దిగడానికి మనసొప్పక, ఒడ్డున విడిచి, నెత్తిన నీళ్ళు చల్లుకుని ఎక్కాను. తీరా చూస్తే ఆ పడవ వెనక్కి రాదట! కారు ముందే దిగువన పెట్టి, పడవలవాళ్ళ వ్యానులో పైకి ఎందుకొచ్చామో అప్పుడు అర్థమైంది. రెండు మైళ్ళ దిగువన దిగాం. "అమ్మమ్మా, షూస్ ఏవి?" అని దియ అడిగేదాకా రాగిణి చూసుకోనేలేదు. అక్కడినుంచి కారు దాకా ఎండకు కాలిన కంకర దారి. షుగర్ ఉన్నదానివి, ఒట్టి కాళ్ళతో నడవకు అని నర్సువి నువ్వు వందసార్లు చెప్పావు. నడిచాను. తరువాత కారులో వెళ్ళి చూస్తే చెప్పులు విడిచినచోటే ఉన్నాయి.

మా బోరు మోటారు వారానికోసారి వేయించు, లేకపోతే పట్టేస్తుంది. కనకాంబరాలకు నీళ్ళు పోయిస్తున్నావా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

అరికాలి బొబ్బ చిన్నదే. రాగిణి రోజూ కట్టు మారుస్తోంది. ఫోన్‌లో చెబితే కేకలేస్తావని కార్డు రాస్తున్నాను. ఇది నీకు చేరేలోపు మానిపోతుంది.

నీ చెల్లెలు
వసుంధర