ముందు రెండు, వెనక ఒకటి

వదినకు,

నీ ఉత్తరం అందింది. నాలుగు వాక్యాల ఉత్తరంలో మూడింటిలో జీపుల గురించే రాశావు. నాలుగోది వేళకు తింటున్నానా అని. తింటున్నాను.

రెండు జీపులనూ ఏదో ఒకటి తేల్చమన్నావు. బండ్ల మేస్త్రిని పిలిపించాను. ఒక్కోదాని కింద గంటసేపు పడుకుని చూశాడు. నా వెనకబండికి ఒళ్ళు బాగానే ఉంది. చట్రం వంకర పోలేదు, తలుపులు పడుతున్నాయి. ఇంజనే అయిపోయింది. ఎత్తు ఎక్కితే ముసలి ఎద్దులా రొప్పుతుంది, నీలం పొగ వదులుతుంది. అన్న ముందుబండి సంగతి నీకు తెలిసిందే. అన్న పోయాక లోయలోంచి తాళ్ళు కట్టి లాగినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే, షెడ్డులో నాలుగు రాళ్ళ మీద ఉంది. పైకప్పు సీటు మీదికి అణిగిపోయింది. ఎడమ పక్క నమిలి పారేసిన చెరుకు పిప్పిలా ఉంది. కానీ ఇంజను చెక్కుచెదరలేదు. మేస్త్రి తన బ్యాటరీ తగిలించి, కాస్త పెట్రోలు పోసి తిప్పితే, రెండేళ్ళ తర్వాత, మొదటి తిప్పుకే లేచింది.

"దీని గుండె రాయిరా. ఒళ్ళే పోయింది. నీదానికి ఒళ్ళుంది, గుండె లేదు. ఇంక ఆలోచించేదేముంది?" అన్నాడు.

ఆలోచించి చెప్తానన్నాను.

"రెండేళ్ళ నుంచీ అదే మాట. గుడ్డు మీద కూచున్నా ఈపాటికి పిల్లయ్యేది," అని బ్యాటరీ విప్పుకుని వెళ్ళాడు.

పాత ఇనుము కొనేవాణ్ణీ పిలిచాను. రెండూ తీసుకెళ్ళమన్నాను. మంగళవారం లారీతో వచ్చి ముందుబండికి గొలుసు చుట్టాడు. గొలుసు బిగుసుకుంటుంటే వద్దన్నాను. వాడు నన్నూ నా వంశాన్నీ తిట్టుకుంటూ పోయాడు. ఎందుకు వద్దన్నానో నాకే సరిగ్గా తెలియదు.

ఇంకొక సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

కొండ మీద గాలీ వానా లెక్కగట్టే టవరుకి కొత్త మనిషి వచ్చాడు. వేరే ఊరివాడు. మన సంగతులేవీ తెలియవు. గురువారం పొద్దున పదింటికి అతన్ని ఎక్కించుకుని పైకి పోతున్నాను. మంచు దట్టంగా ఉంది. నాలుగో మలుపు ఇంకా రాకముందే అతను నా వైపు తిరిగాడు.

"ముందు ఇంకో బండి పోతోందా?"

"లేదే."

"హారను వినపడింది. రెండుసార్లు. గొంతు బొంగురుపోయినట్టు."

కొండల్లో మోత అలాగే తిరిగి వినపడుతుందన్నాను.

"తిరిగి రావడానికి ముందు మనం కొట్టాలిగా!" అన్నాడు.

వదినా, అది నాకూ వినపడింది. ఈ ఏడు వానలు వెలిసిన దగ్గర్నుంచీ వినపడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ నా చెవుల్లోనే ఏదో ఉందనుకున్నాను. ఇంకొకడు వినేసరికి ఆ ధైర్యమూ పోయింది.

అతను వదల్లేదు. చెప్పాల్సి వచ్చింది. మా నాన్న నాటి నుంచీ ఈ దారిలో రెండు జీపులు జంటగానే పోతాయని, ప్రతి మలుపులో ముందుబండి రెండు మోతలు మోగిస్తే వెనకబండి ఒకటి మోగించి 'ఉన్నాను' అనాలని చెప్పాను.

"వెనక నుంచి రాకపోతే?"

"ముందువాడు బండి ఆపి, దిగి, నడిచి వెనక్కొచ్చి చూడాలి. నాలుగో మలుపులో బండి వెనక్కి తిప్పే చోటు లేదు."

అతను వెనక్కి తిరిగి దారి చూశాడు. తర్వాత, "మరి ఇది వెనకబండేగా. కొట్టవేం?" అన్నాడు.

నేను గేరు మార్చి ముందుకు పోనిచ్చాను.

జీపులను ఏం చేయాలో నువ్వే చెప్పు. నువ్వెలా అంటే అలా.

నీ మరిది,
తోక

•

వదినకు,

నువ్వు జవాబు రాయకముందే మళ్ళీ రాస్తున్నాను. ఈ ఉత్తరం చదివాక నువ్వు నాకు జవాబే రాయకపోవచ్చు. అది నీ ఇష్టం.

ముందుబండి హారను ఊడదీశాను. నీకు గుర్తుందిగా, జలుబు చేసిన మేకలా అరుస్తుందని ఎగతాళి చేసేదానివి. బ్యాటరీ లేదు, తీగలు తెగిపోయి రెండేళ్ళయింది, అయినా విప్పి గోనెలో చుట్టి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. మర్నాడు పొద్దున అదే నాలుగో మలుపులో, అదే బొంగురు గొంతు, రెండుసార్లు. టవరు మనిషి తలుపు తీసుకుని దిగిపోయాడు. "నేను నడిచొస్తా. మీ ఇంటి విషయాలు మీరే చూసుకోండి," అన్నాడు. సామాను భుజాన వేసుకుని మిగతా దారంతా నడిచే ఎక్కాడు.

షెడ్డులో ఇంకొకటి. ముందుబండి స్టీరింగు పొద్దున చూస్తే కుడివైపు పూర్తిగా తిరిగి ఉంటోంది. తిన్నగా పెట్టి వస్తాను. మళ్ళీ పొద్దున కుడివైపు. మేస్త్రిని అడిగితే, "లోపల పట్టు వదిలేసింది, దానంతటదే జారుతుంది," అన్నాడు. రాళ్ళ మీదున్న బండి స్టీరింగు ప్రతిసారీ ఒకే వైపు ఎందుకు జారుతుందని నేనడగలేదు. ఆ దారిలో బండిని వెనక్కి తిప్పాలంటే ఎటు తిప్పాలో నాకు తెలుసు.

ఇక అసలు విషయం రాస్తాను.

అన్న పోవడానికి ముందు రోజు సాయంత్రం నువ్వు వడ్డిస్తున్నావు. అన్న అన్నాడు, "రెండు ముసలి బండ్లను మేపేకంటే ఒక్క మంచి బండి చేసుకుందాం. నీదాంట్లో పనికొచ్చేవి తీసి నాదాంట్లో వేద్దాం." మరి నేనేం చెయ్యాలన్నాను. "నా పక్కన కూచో. తోక ఎక్కడైనా ఒంటరిగా తిరిగిందట్రా?" అన్నాడు. నువ్వు నవ్వావు. ఆ ఎగతాళి పదిహేనేళ్ళ నాటిది, నేనూ ఎన్నోసార్లు నవ్వినదే. ఆ రోజు మాత్రం నవ్వలేకపోయాను. ఆ పాత బండి ఒక్కటే నాకు నాదంటూ ఉన్నది. దాన్ని కోసి తన బండికి అతుకులు వేస్తానంటున్నాడు, అదీ నవ్వుతూ.

మర్నాడు టవరు దిమ్మకు సిమెంటు బస్తాలు వేసుకుని బయల్దేరాం. మూడు మలుపుల దాకా జవాబు కొట్టాను. నాలుగో మలుపులో మంచులోంచి రెండు వినపడ్డాయి. నా చెయ్యి హారను మీదే ఉంది. నొక్కలేదు. తోక లేకపోతే ఎలా ఉంటుందో తెలిసొస్తుందిలే అనుకున్నాను. బండి ఆపి ఇంజను కట్టేశాను. మళ్ళీ రెండు. కాసేపటికి మళ్ళీ రెండు. మూడోసారి వినపడినప్పుడు నేను నవ్వాను, వదినా. అది కూడా రాయాలి.

తర్వాత రాళ్ళు జారిన చప్పుడైంది.

హారను తీగ ఊడిపోయింది, అందుకే కొట్టలేకపోయానని అందరితో చెప్పాను. నీతోనూ అదే చెప్పాను. తీగ ఊడలేదు. మనుషులు వచ్చేలోపు నేనే పీకాను.

అన్న ఇంజను నా బండిలో వేయలేనన్నది ఇందుకే. అప్పుడు అన్న కోరిన ఒక్క మంచి బండీ తయారవుతుంది, అది నడిపేది నేనవుతాను. అంత లాభం నాకు దక్కకూడదు. లారీవాణ్ణి మళ్ళీ రమ్మన్నాను. పదిహేను రోజుల్లో వస్తానన్నాడు. ఈసారి గొలుసు వేస్తుంటే నేను ఇంట్లో ఉండను. రెండూ కరిగిపోతే ఆ మోత ఆగుతుందేమో.

తోక

•

ఒరేయ్ తోకా,

రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. మొదటిదానికి జవాబు రాద్దామని కూచుని రెండోది చదివాను. నువ్వు రాసింది నాకు తెలుసు.

ఆరు మలుపులు, మలుపుకి మూడు మోతలు. మీరు పైకి చేరేసరికి పద్దెనిమిది. పొయ్యి దగ్గరున్నా, పెరట్లో ఉన్నా, ఎవరితో మాట్లాడుతున్నా నా లెక్క తప్పేది కాదు. పద్దెనిమిది అయితే నా పని నేను చేసుకునేదాన్ని. ఆ రోజు తొమ్మిది సరిగ్గా విన్నాను. తర్వాత రెండు. రెండు. రెండు. చేతిలో చేట పట్టుకుని అలాగే నిలబడ్డాను. సాయంత్రం నువ్వొచ్చి తీగ ఊడిందన్నావు. మూడో మలుపు దాకా మోగింది నాలుగో మలుపులోనే ఊడాలా అనుకున్నాను. ఊడిందేమోలే అని కూడా అనుకోవాలని చూశాను. నీ మొహం చూస్తే అలా అనుకోవడం కుదరలేదు.

నీ తప్పేమీ లేదని నేను రాయను. ఉంది. మీ అన్న తప్పూ ఉంది. అక్కడ బండి తిప్పకూడదని, దిగి నడిచి రావాలని మామయ్య గొంతు చించుకుని చెప్పాడు. నడక అంటే మీ అన్నకు ఒంటి నిండా బద్ధకం. నవ్విన నా తప్పూ ఉంది. ఎవరి వాటా వాళ్ళం మోద్దాం.

నీకు తెలియనిది ఒకటుంది. ఆ పొద్దున బయల్దేరుతూ ఆయన నాతో అన్నాడు, "తోక అలిగాడే. ఇవాళ హారను కొట్టడు చూడు. కొట్టకపోతే వెనక్కెళ్ళి చెవి మెలేసి తీసుకొస్తా." నీకేదో అయిందని కంగారుపడి బండి తిప్పలేదురా. అలిగావని తెలిసే తిప్పాడు.

నేను ఆ ఇల్లు వదిలి చెల్లెలి దగ్గరికి ఎందుకొచ్చానో ఎవరికీ చెప్పలేదు. ఏడ్చుకుంటూ ఆ ఇంట్లో ఉండలేక అని అందరూ అనుకున్నారు. ఏడుపుకేం, ఎక్కడైనా ఏడవచ్చు. పట్టపగలు కొండ మీంచి ఆ రెండు మోతలు వినలేక వచ్చేశాను. నీకు వానల తర్వాత వినపడ్డాయేమో, నాకు ఆయన పోయిన మూడో రోజు నుంచే. కొండకు దూరమైతే పోతుందనుకున్నాను. ఇక్కడ ఆస్పత్రి బట్టలు ఉతికే గదిలో మూడు యంత్రాలు తిరుగుతుంటాయి, పక్కమనిషి మాట వినపడదు. ఆ రొదలోంచి మేక గొంతు, రెండుసార్లు. మొన్న నా పక్కన దుప్పట్లు మడతపెట్టే ఆవిడ తలెత్తి, "ఎవరమ్మా గేటు దగ్గర బండి పెట్టి అలా బాదుతున్నారు?" అంది. గేటు దగ్గర ఎవరూ లేరు.

కాబట్టి అది కొండలోనూ లేదు, ఇనుములోనూ లేదు. నువ్వు బండ్లను కరిగిస్తే ఆగేది కాదు. ఆయన జవాబు కోసం ఆగి ఉన్నాడు. నీ రెండు ఉత్తరాలూ మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ మోత వినపడిందని ఎన్నిసార్లు రాశావో, నువ్వు తిరిగి కొట్టినట్టు ఒక్కసారి కూడా లేదు. ఆ టవరు మనిషికి తట్టింది నీకు తట్టలేదా? ఆ రోజు కొట్టకపోవడం ఒక్కసారి. ఇప్పటికి ఎన్నిసార్లయింది?

కొట్టరా. ఆ తర్వాత బండ్ల సంగతి చూద్దాం. లారీవాణ్ణి ఈలోపు గుమ్మం తొక్కనివ్వకు.

వదిన

•

వదినకు,

నీ ఉత్తరం అందిన మర్నాడే పైకి పోయాను. ఎవరినీ ఎక్కించుకోలేదు. మంచు పల్చగా ఉంది, దారి కనపడుతూనే ఉంది. నాలుగో మలుపులో ఎప్పటిలాగే రెండు వినపడ్డాయి. ఒకటి కొట్టాను. చిన్నగా మోగింది. అందుకని గట్టిగా ఇంకోసారి కొట్టబోయి ఆగాను. రెండైతే లెక్క తప్పుతుంది.

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఐదో మలుపులో ముందు నుంచి మళ్ళీ రెండు. ఒకటి కొట్టాను. ఆరో మలుపులో రెండు, నాది ఒకటి. పైకి చేరాను. దిగి నేలంతా వెతికాను. నా బండి జాడలు తప్ప ఇంకే జాడా లేదు.

దిగేటప్పుడు వరస మారుతుందని నీకు తెలుసు. పైన వెనకబండే ముందు తిరగాలి కాబట్టి దిగేదాకా అదే ముందుబండి. రెండు కొట్టాల్సింది నేను. ఆరో మలుపులో రెండు కొట్టి ఆగాను. వెనక నుంచి ఒకటి వచ్చింది, బొంగురుగా. అద్దంలో చూడలేదు. ఐదో మలుపులోనూ వచ్చింది. నాలుగో మలుపులో రెండు కొట్టాను. ఏమీ రాలేదు. మళ్ళీ రెండు. రాలేదు. మూడోసారి కొట్టాను.

రాకపోతే ఏం చేయాలో పద్ధతి ఉంది. బండి ఆపి, చక్రం కింద రాయి పెట్టి, దిగి వెనక్కి నడిచాను. నలభై అడుగులు. అంచు విరిగిన చోట గడ్డి మొలిచింది. నేను రోజూ దాటే చోటే అది. రెండేళ్ళుగా ఆ పక్కనుంచి బండిలో పోతూ తల తిప్పి చూడలేదు. ఇప్పుడు అంచు దాకా వెళ్ళి కిందికి చూశాను.

"అన్నా, తీగ ఊడలేదు," అన్నాను.

కింద లోయలోంచి మంచు పైకి లేస్తోంది. తిరిగి వచ్చి బండెక్కాను. తాళం చెయ్యి తిప్పబోతుంటే వెనక నుంచి ఒకటి మోగింది.

ఇంటికొచ్చి మేస్త్రికి కబురు పెట్టాను. నాలుగు రోజులు పట్టింది. అన్న ఇంజను నా బండిలో కూచుంది. మొదట ఒక రోజు అలవాటు లేనట్టు గొణిగింది, తర్వాత సర్దుకుంది. ఇనప్పెట్టెలోని హారనూ తెచ్చి బిగించమన్నాను. నాదీ ఉంచమన్నాను.

"ఒక్క బండికి రెండు హారన్లేంట్రా? ఒక నోరు చాలడం లేదా?" అన్నాడు మేస్త్రి.

చాలదన్నాను. అన్నది ఎడమ చేతికి, నాది కుడి చేతికి అందేలా పెట్టించాను.

ముందుబండి మిగిలిన ఒళ్ళు షెడ్డులోనే ఉంది. లారీవాడికి ఇవ్వను. స్టీరింగు వారం రోజులుగా తిన్నగా ఉంది. నేను పెట్టలేదు.

టవరు మనిషి కూడా మళ్ళీ వస్తానన్నాడు. సోమవారం పొద్దున పదింటికి పైకి పోతున్నాం. నీకు అక్కడ యంత్రాల రొదలో వినపడితే లెక్కపెట్టు. మలుపుకి అన్నది రెండు, నాది ఒకటి, మొత్తం పద్దెనిమిది. ఒక్కటి తక్కువైనా ఉత్తరం రాయి. ఒక్కటి ఎక్కువైనా రాయి.

నీ మరిది,
తోక