చేపల బజారులో రాయని చట్టం

అత్తయ్యకి నమస్కారాలు.

బజారు ఆఫీసువాళ్లు మీకిచ్చారని నువ్వు పంపిన నోటీసు అందింది. కాగితం లేనివాళ్లు చోటు ఖాళీ చెయ్యాలట. చేపలమ్మే మీ నలభైమందిలో ఒక్కరి దగ్గరా కాగితం లేదని మా సీనియర్ లాయరుగారికి చెప్పాను. ఆయన కంగారుపడలేదు. చట్టానికి రాసిన మూలాలూ ఉంటాయి, రాయని మూలాలూ ఉంటాయన్నారు. మీ బజారులో రాయని మూలాలేమిటో వివరంగా తెలియజెయ్యి.

ఇట్లు,
నీ మేనకోడలు

* * *

అమ్మాయికి అత్తయ్య దీవెనలు.

నీ ఉత్తరం ఐసు పెట్టె మీద కూర్చుని రెండుసార్లు చదివాను. మా బజారులో రాయని మూలలు ఒక్కటీ లేవు. నాలుగు మూలలకీ మొన్ననే సున్నం రాయించాం. గుమ్మం పక్కన నేను కూర్చునే మూలకైతే రెండు పూతలు.

ఇట్లు,
నీ మేనత్త

తా.క.: సున్నం చాలదంటే ఏ రంగు రాయించాలో లాయరుగారిని కనుక్కో.

* * *

అత్తయ్యా,

మూల కాదు, మూలం. అంటే చట్టం పుట్టిన చోటు. శాసనసభ రాసేది ఒకటి. జనం ఏళ్ల తరబడి పాటిస్తూ వచ్చిన వాడుక ఇంకొకటి. దాన్ని ఎవరూ రాయకపోయినా కోర్టు ఒప్పుకోవచ్చు. కాకపోతే అది పాతదై ఉండాలి, మధ్యలో తెగకూడదు, అందరికీ ఒకేలా వర్తించాలి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో మీలో ఎలా తేలుతుంది?

నీ మేనకోడలు

తా.క.: దయచేసి రంగు వేయించవద్దు.

* * *

అమ్మాయీ,

ఇప్పుడు అర్థమైంది. జడ్జీగారికి ఇబ్బంది లేకుండా రాయని చట్టమంతా గోడ మీద రాయించేశాం. "తల్లి చోటు కూతురిది" అని రాస్తే కోడళ్లు లేచారు. "కూతురిది లేదా కోడలిది" అని దిద్దితే ఇద్దరూ ఉన్న ఇళ్లల్లో మాటలు ఆగిపోయాయి. ఇన్నేళ్లలో లేని తగువులు ఒక్క పూటలో వచ్చిపడ్డాయి.

నీ మేనత్త

తా.క.: గోడ చాల్లేదు. మిగతా చట్టం ఐసు పెట్టె మూత మీద ఉంది.

* * *

అత్తయ్యా,

వెంటనే చెరిపించు. మీరు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారో అదే కోర్టులో నోటితో చెబితే చాలు. నాకు ఇక్కడ వేరే కేసుంది, సీనియర్‌గారే అక్కడికి వస్తున్నారు. నీ చోటు ఎక్కడికీ పోదు, నాదీ పూచీ.

నీ మేనకోడలు

తా.క.: అడిగినదానికే జవాబు చెప్పు.

* * *

అమ్మాయీ,

అడిగినదానికే చెప్పాను. జడ్జీగారు పెద్దావిడ, మా అందరి మాటా ఓపిగ్గా విన్నారు. అప్పుడు ఆఫీసు తరఫు లాయరు లేచి, "మీకు పనికొచ్చేదే చెబుతున్నారు. ఈ వాడుక వల్ల చోటు పోయినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?" అనడిగాడు.

"ఉన్నారండీ" అన్నాను.

"ఎవరు?"

"నేనే."

నిరుడు కాలు విరిగి మీ ఇంట్లో ఐదు నెలలున్నాను కదా. మూడు నెలలు రాకపోతే చోటు పోతుంది. వెనకవాళ్లంతా ఒక్కో చోటు ముందుకి జరగాలి, తిరిగొచ్చినామె చివర కూర్చోవాలి. నేను వచ్చేసరికి నా మూలకి జరిగి ఉన్న పీతలమ్మే ఆమె, నేను పెద్దదాన్నని లేచి ఆ చోటు నాకిచ్చేసింది. ఎవరూ కాదనలేదు. నేనూ మాట్లాడకుండా కూర్చున్నాను. ఆ సంగతి ఏడాదిగా గుచ్చుతూనే ఉంది. ఇదంతా జడ్జీగారి ముందే చెప్పేసి, వాడుక ప్రకారం ఆ మూల నాది కాదు, లేచిపోతానన్నాను.

మీ సీనియర్‌గారు తల పట్టుకున్నారు. జడ్జీగారు మాత్రం కలం కింద పెట్టి, "చెప్పేవాళ్లని కూడా వదలని నియమమైతే అది చట్టమే" అన్నారు. నోటీసు కొట్టేశారు. నలభైమందికీ చోటు నిలిచింది.

ఆ సాయంత్రమే పీతలమ్మే ఆమెని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మూలలో కూర్చోబెట్టాను. నేనిప్పుడు వరస చివర, కాలవ పక్కన. గాలి బాగానే వస్తోంది. నువ్వు పూచీ పడ్డానని బాధపడకు.

నీ మేనత్త

తా.క.: నిన్న బేరానికొచ్చిన ఒకామె నన్ను చూసి, "కొత్తగా చేరావా?" అని అడిగింది. మూడు రోజులైందన్నాను. "బెదిరిపోకు, మెల్లిగా పని పట్టుబడుతుందిలే" అని ధైర్యం చెప్పి, రెండు చేపలు ఎక్కువే తీసుకుంది.