మా చాల్ గేటు బంద్ కాలేదు

అవ్వా, దండాలు. మన వంశంలో నా అంతటి ద్రోహి పుట్టలేదు, వీలైతే క్షమించు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు కనుక ఈ కార్డు.

బొంబాయిలో మా చాల్‌లో, ఈ వరస గదుల లోగిలిలో, ఖాళీగా ఉన్న గదిని నేపాల్ నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం అద్దెకు అడిగింది. చాల్ పెద్ద ముత్తయ్య తాత మండిపడ్డాడు. "దేశంల బయటోళ్లు నిండిపోయిన్రు! సర్కారు గేటు బంద్ చెయ్యాలె, మనం గూడ చెయ్యాలె!" ఇంటింటి అభిప్రాయమూ రాసిమ్మన్నాడు. అందుకు ప్రశ్నల కాగితం తయారుచేసే పని, డిగ్రీ చదివిన పాపానికి, నాకు పడింది.

దాదాపు అందరూ 'బయటివాళ్లు వద్దు' అనే రాశారు. 'మీ ఊరు' అన్నచోట మాత్రం, బొంబాయిలోనే పుట్టినా, అందరూ గర్వంగా పాలమూరు పల్లెల పేర్లే రాశారు. తాత కూడా!

పక్కగది వజ్రమ్మత్త ఆ ఊళ్ల పేర్లు గట్టిగా చదివి, "మామా, మీ ముత్తాత నిజాం రాజ్యంకెల్లి ఇంగ్లీషోళ్ల బొంబాయికొచ్చిండు. అప్పుడు గేటు బందుంటే మనమేడుంటుంటిమి?" అంది. చాల్ అంతా ఒకటే నవ్వు.

తాత మీసం దువ్వుకుని, "సరే, రానియ్యిండ్రి. గని ఈ కాగితం చేసినోడేడి?" అన్నాడు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

నీ మోకాలు ఎలా ఉంది? మన మిరపకారం పంపు, ఇక్కడిది కళ్లనైనా తడపదు. చంద్రమ్మ చిన్నమ్మకు దండాలు.

ఇక నా ద్రోహం. తాత ఒక్క ప్రశ్నే వేయమన్నాడు. 'మీ ఊరు' చేర్చింది నేనే.

నీ మనవడు
ప్రథమేశ్