తౌడు తిన్న రొయ్యలు

శ్రావణ శనివారం, 1976

ఈ రోజు లక్డారంలోని మా రొయ్యల గుంటలో నీళ్లు తోడించి వల లాగించాం. ఒక్క గంప కూడా నిండలేదు. వలలో ఎక్కువగా తలకాయలూ కాళ్లే. రొయ్య పెరిగేటప్పుడు పెంకు విడుస్తుంది. అలా మెత్తబడ్డవాటిని తోటివే కొరుక్కుతిన్నాయి.

తౌడు ఒక్కటే చాలదు, మాంసకృత్తులు కావాలి, ఎండుచేపల పొడి కలపండని మత్స్యశాఖ ఆఫీసరు మొదట్లోనే చెప్పాడు. ముక్క ముట్టని ఇల్లు మాది; గుంట మేత ఉంచేదీ మా కిరాణా దుకాణంలోనే. బాపు ఒప్పుకోలేదు.

"అమ్ముడు వేరే, శేతులతోని పెట్టుడు వేరే. మన దుకాణంల నీచు వాసనేంది?" అన్నాడు. తౌడు, నూనె తీశాక మిగిలే పల్లిచెక్క మాత్రమే వేయించాడు.

ఫ్యాక్టరీ నౌకరీ వదిలి ఆ గుంటనే నమ్ముకున్న అన్న వల మడిచి గట్టు మీద పెట్టాడు. ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చున్నాక అన్నాడు: "బాపూ, ఇగ నేను వేరుపడ్త. దుకాణంల నా వాటా నాకియ్యి."

బాపు కంచంలోంచి తలెత్తలేదు. "పోయెటోడు ఉత్త శేతులతోనే పోతడు. దుకాణం చిన్నోనిది."

ఆ చిన్నోడిని నేనే. ఏదో ఒకటి అంటానని అన్న నా వైపు చూశాడు. నేను పప్పు కలుపుకుంటూ కూర్చున్నాను.

వదిన మళ్లీ అన్నం వడ్డించింది. తిన్నాను.