కొంగల గూట్లో పిచ్చాపాటికి తాళం

ఆగస్టు 31, ఆదివారం. ఉదయం 7.10

నిర్ణయం తీసుకున్నాను! రేపటి నుంచి మా అభిమానుల ఇంటర్నెట్ అరుగు 'కొంగల గూడు'లో ఆట గురించి తప్ప ఇంకో మాట వినపడదు. సీజన్ అయ్యేదాకా. అంటే మూడు నెలలు.

కారణం: నిన్న ఈ సీజన్ మొదటి అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. మా ఆల్డర్ బెండ్ కాలేజీ జట్టు, అంటే మా కొంగలు, నలభై ఒకటికి మూడుతో చిత్తు. అంతకన్నా పెద్ద అవమానం ఇంకోటి. నది అవతలి కాలేజీ వాళ్ళు మా గూటి పేజీని ఫొటో తీసి ఊరంతా తిప్పుతున్నారు. "మ్యాచ్ మీద తొమ్మిది మాటలు. బీన్స్ కూరలో దాల్చినచెక్క రొట్టె ముంచుకు తినొచ్చా అన్నదానిమీద నాలుగు వందల పన్నెండు. వీళ్ళు అభిమానులా, వంటవాళ్ళా?"

పదకొండేళ్ళుగా ఇంటర్నెట్‌లో ఈ గూటికి పెద్దని నేనే. పగలు టైర్ల షాపు, మిగతా టైమంతా గూడు. పోయింది నా పరువు.

చేయవలసినవి:
పిచ్చాపాటి విభాగానికి తాళం.
దారి తప్పిన మాట ఎవరు రాసినా తీసెయ్యడం.
నేను రాసినా సరే!!

మార్లిస్‌కి చెప్పాను. గుడ్లు వేపుతున్న నా భార్య తల కూడా తిప్పలేదు. "నువ్వా? కబుర్లు చెప్పకుండానా? చూద్దాంలే" అంది.

సెప్టెంబరు 1, సోమవారం. ఉదయం 6.00

తాళం పడింది.

6.04: మొదటి తిట్టు. లొరెట్టా. బడి క్యాంటీన్‌లో వంట చేస్తుంది, గూట్లో నా తర్వాత పాతకాపు ఆవిడే. "ఏం వెండెలూ, ఏమైనా పూనిందా? నా గుమ్మడికాయ ఫొటో ఎక్కడ పెట్టుకోను?"

"అది ఆటకి సంబంధించింది కాదమ్మా."

"మీ బంతికన్నా పెద్దదయ్యా!"

తీసేశాను.

సాయంత్రం 5.30: రోజంతా కలిపి ఇరవై రెండు మాటలు. అన్నీ ఆట గురించే! వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లినట్టుంది గూడు.

సెప్టెంబరు 3, బుధవారం. మధ్యాహ్నం 12.40

లొరెట్టా రాసింది: "మన ఆటగాడి మోకాలు వాచిందట, పాపం. నాదీ వాచింది. అతను ఏ మందు రాస్తున్నాడో ఎవరికైనా తెలుసా?"

తీసెయ్యాలా? ఆటగాడి మోకాలంటే ఆటే కదా. ఉంచాను.

గ్లెన్ జవాబిచ్చాడు. పశువుల డాక్టరు. "గుర్రాలకి రాసేదొకటుంది. బ్రహ్మాండంగా పనిచేస్తుంది."

"నేను గుర్రాన్నా?"

"ఆ సంగతి మోకాలికేం తెలుస్తుంది?"

గంటలో ముప్పై ఎనిమిది మోకాళ్ళు వచ్చి పడ్డాయి. సగం ఎడమవి.

సెప్టెంబరు 6, శనివారం. సాయంత్రం 4.50

మళ్ళీ ఓడాం. ఈసారి మూడు పాయింట్ల తేడాతోనే. మాటలు మాత్రం ఆటమీదే నడిచాయి. మధ్యలో లొరెట్టా మైదానం బయట అమ్మే సాసేజ్ బాగా ఉడకలేదని పన్నెండు పంక్తులు రాసింది. అది మైదానం పరిస్థితి కిందికే వస్తుంది. ఉంచాను.

సెప్టెంబరు 9, మంగళవారం. ఉదయం 6.30

ఇంట్లో నీళ్ళ హీటరు కారుతోంది. కింది గదిలో మడమల్లోతు నీళ్ళు.

"మీ గూట్లో అడగకపోయావా?" అంది మార్లిస్ తుడుస్తూ. "అయ్యో, తాళం కదూ!"

6.50: ఇలా రాశాను. 'మన ఆటగాళ్ళ స్నానాల గదిలో హీటరు కింది నుంచి కారుతోందనుకుందాం. ఊరికే అనుకుందాం. కోచ్ ఏం చెయ్యాలి?'

గ్లెన్: "కోచ్ ముందు కరెంటు ఆపాలి."

లొరెట్టా: "కోచ్ పెళ్ళాం ఏమంటోంది?"

నలభై ఆరు జవాబులు. ఆరోదానితోనే కారడం ఆగింది. మిగతా నలభై కూడా చదివాను, మర్యాద కోసం.

ఇది మాట తప్పడం కాదు. జట్టు ఆరోగ్యం.

సెప్టెంబరు 12, శుక్రవారం. మధ్యాహ్నం 1.15

లొరెట్టా నాకొక్కడికే రాసింది. వేళాకోళం లేదు. "మూడో వరుస కనపడ్డం లేదు, చూశావా?"

'మూడో వరుస' అంటే ఆర్విల్ టీగ్ గారు. డెబ్బై తొమ్మిదేళ్ళ రైతు. ఆ పేరుతో పిచ్చాపాటిలో రోజూ పొద్దున్నే ఒక్క పంక్తి రాస్తారు. 'ఉత్తరపు గాలి. మబ్బు లేదు. రెండో కాఫీ తాగుతున్నాను.' అంతే. ఆయన రాశాక మేమంతా మా మా కాఫీల సంగతి చెప్పుకునేవాళ్ళం.

పన్నెండు రోజులుగా లేదు. నేను గమనించనే లేదు.

"ఊరెళ్ళి ఉంటారు" అని రాశాను.

"రైతు కోతల ముందు ఏ ఊరెళ్తాడయ్యా? తాళం వేసింది నువ్వు. వెళ్ళి తలుపు తట్టు."

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

సెప్టెంబరు 14, ఆదివారం. మధ్యాహ్నం 2.00

నిన్న మధ్యాహ్నమే ఆర్విల్ గారింటికి వెళ్ళొచ్చాను. జట్టు వేరే ఊళ్ళో ఆడుతోంది. నేను మ్యాచ్ చూడలేదు. ముప్పై ఐదేళ్ళలో ఇదే మొదటిసారి.

తలుపు తట్టాను. చప్పుడు లేదు. మళ్ళీ తట్టాను. కుక్క కూడా అరవలేదు. ఇంటి వెనక్కి పరిగెత్తాను.

ఆర్విల్ గారు నిచ్చెనమీద నిలబడి చూరు గొట్టంలోంచి ఆకులు తీస్తున్నారు!

"ఎవరది?"

"వెండెల్‌నండీ. గూడు..."

"ఓహో. తాళంగాడివి నువ్వేనా!"

నిచ్చెన పట్టుకున్నాను. ఆయన కోసమో, నేను పడిపోకుండానో తెలియదు. "బాగున్నారా? అసలు రాయడమే మానేశారేం?"

"ఎక్కడ రాయను?"

"ఆట విభాగం తెరిచే ఉందిగా."

"నాకేం తెలుసు నాయనా ఆట గురించి? అభిమానం మా ఆవిడ డార్లాది. మూడో వరుస సీటు డార్లాది, ఆ పేరూ డార్లాదే. మే నెలలో తను పోయింది కదా. ఆ కంప్యూటరు కట్టేద్దామని కూర్చున్నాను. అందులో ఎవరో అడిగారు, 'మూడో వరుసా, మీవైపు గాలి ఎలా ఉంది?' అని. చెప్పాను. మర్నాడు మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పాను. అట్లా అలవాటైంది."

"ఎవరడిగారు?"

"నువ్వే. వెండెల్ అని ఉంది."

నాకు గుర్తే లేదు. ఏదో టైర్ల డెలివరీకి అటు వెళ్ళాల్సి వచ్చి అడిగుంటాను.

"నాకు కోపం రాలేదులే," అన్నారాయన, ఆకులు కింద పారేస్తూ. "మీ ఇల్లు, మీ ఇష్టం. కాకపోతే ఈమధ్య ఒక్క కప్పుతోనే లేచిపోతున్నాను. రెండోదానికి తోడు లేదు."

"వచ్చే శనివారం మనూళ్ళోనే మ్యాచ్. వస్తారా?" అన్నాను.

"మూడు గంటలు కూచోవాలా?"

"మూడున్నర."

నిచ్చెన దిగేదాకా ఆలోచించారు. "దుప్పటి తెచ్చుకుంటాను," అన్నారు.

సెప్టెంబరు 15, సోమవారం. ఉదయం 5.50

తాళం తీసేశాను. 'తప్పు నాదే' అని రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు.

6.15: 'దక్షిణపు గాలి. కాస్త ముసురు. రెండో కాఫీ.'

సాయంత్రానికి మూడు వందల పన్నెండు మాటలు. గుమ్మడికాయవి నాలుగు కోణాల్లో ఫొటోలు.

మార్లిస్: "పధ్నాలుగు రోజులు. నేను నాలుగే అనుకున్నాను."

సెప్టెంబరు 20, శనివారం. సాయంత్రం 6.10

గెలిచాం! ఎలా గెలిచామో నేను చూడలేదు.

చివరి రెండు నిమిషాలు. స్టేడియమంతా లేచి నిలబడింది. మూడో వరుసలో ఆర్విల్ గారు మోకాళ్ళమీద దుప్పటి కప్పుకుని నా మోచెయ్యి లాగారు. "ఒరేయ్ అబ్బాయ్. వీళ్ళు బంతిని చేత్తోనే పట్టుకుంటున్నారు, చేత్తోనే విసురుతున్నారు, చంకలో పెట్టుకుని పరిగెడుతున్నారు. దీన్ని ఫుట్‌బాల్ అంటారేం?"

"అప్పుడప్పుడు తంతారు కూడానండీ," అన్నాను. ముప్పై ఐదేళ్ళు చూసి చెప్పగలిగింది అదే! ఈలోగా ఊరంతా కేక పెట్టింది.

నా జవాబు చాల్లేదు కాబోలు, ఆయన అదే ప్రశ్న ఫోన్లో పిచ్చాపాటిలో పెట్టారు. ఇక చూడాలి! గ్లెన్ ఆట పుట్టుక దగ్గర మొదలుపెట్టాడు. ఎవరో బొమ్మలు గీశారు. రెండు వందల తొంభై మాటలు, ఒక్కటి దారి తప్పలేదు.

లొరెట్టా మాత్రం మండిపడింది. "పిచ్చాపాటిలో ఈ ఆట గోలేంటి వెండెలూ? తీసెయ్యి!"

సెప్టెంబరు 21, ఆదివారం. ఉదయం 7.00

లొరెట్టా అన్నదీ నిజమే. పద్ధతంటూ ఒకటుండాలి. కొత్త నిర్ణయం, నేటి నుంచే: పిచ్చాపాటిలో ఆట మాట ఎత్తకూడదు. ఎవరైనా సరే. ఈసారి గట్టిగా!

7.20: పిచ్చాపాటిలో ఆర్విల్ గారు: 'ఆ రెఫరీలకి జీబ్రాల్లాగా చారల చొక్కాలెందుకు?'

7.21: తీసెయ్యబోయాను.

7.22: ముందు జవాబు చెప్పి, తర్వాత తీసేస్తాను.