నన్ను బురుజు చెరలో పెట్టించండి

వుర్టెంబర్గు రాజ్యం, గ్రూనాఖ్ గ్రామం
1817 మార్చి 31, సోమవారం

జిల్లా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అర్జీదారుని రాబోవు గురువారం లోపల బురుజు చెరసాలలో పెట్టించుట గురించి.

నేను గ్రూనాఖ్ ఉమ్మడి సంఘాన్ని స్థాపించిన యెరెమియాస్ ఔవెర్టర్‌ను, నేతగాణ్ణి. పదకొండేళ్ళ కిందట, దేవుడికి తప్ప ఎవరికీ టోపీ తియ్యనని తమకు ముందున్న అధికారితో చెప్పి ఆరు నెలలు బురుజులో గడిపినది నేనే. ఆయన్ని ‘నువ్వు’ అన్నందుకు మరో రెండు నెలలు. ఇప్పుడు ‘తమరు’ అని రాయడానికి చెయ్యి మొరాయిస్తున్నది. అయినా రాస్తున్నాను.

1. మా సంఘంలో ఎవరికీ సొంత వస్తువు ఉండరాదు. దాచుకున్నవారితో ఎవరూ మాట్లాడరాదు, ఒకే బల్ల దగ్గర తినరాదు. ఈ నియమాలు రాసినది నేను. ఇంటింటికీ తిరిగి గిన్నెలూ గరిటెలూ మోసుకొచ్చి ఉమ్మడి వంటింట్లో పడేసినదీ నేనే.

2. గత ఫిబ్రవరి పెట్టెల తనిఖీలో నా భార్య రోసీనా పెట్టె అడుగున ఒక కొయ్య చెంచా దొరికింది. పెళ్ళినాడు ఆమెకు నేను చెక్కి ఇచ్చినది. సంఘం పెద్ద బాల్తస్ ష్రెంప్ దాన్ని పైకెత్తి, “ఇదెవరిది?” అన్నాడు. రోసీనా లేవబోయింది. సభలో ఆడవాళ్ళు నోరెత్తరాదన్న నియమమూ నాదే. నేనే ముందు లేచి, “నాది. అక్కడ పెట్టింది నేనే” అన్నాను. అది అబద్ధం.

3. నాటినుంచి పొయ్యి పక్కన చిన్న బల్ల, నేనొక్కణ్ణే. రోసీనా అవతలి వరసలో కూర్చుంటుంది, తినదు. నిజం చెప్పడానికి రెండుసార్లు బాల్తస్ దగ్గరికి వెళ్ళిందట. “మొగుణ్ణి కాపాడుకోడానికి అబద్ధాలాడకమ్మా” అని పంపేశాడట. మగ్గం దగ్గర నేనే గొంతు తగ్గించి పలకరించాను. చెవులు మూసుకుని ఏడ్చింది. నియమం విషయంలో నాకన్నా గట్టిది. ఆ రోజు నా నియమాలంటే నాకే అసహ్యం వేసింది.

4. వచ్చే సోమవారం, ఈస్టరు మరునాడు, సంఘమంతా ఉల్మ్ రేవులో పడవలెక్కి రష్యా దేశం వెళ్ళిపోతున్నది. జాబితాలో రోసీనా ఉంది, నేను లేను. బాల్తస్‌ను బతిమాలుకున్నాను. గోడవైపు తిరిగి, గోడతోనే అన్నాడు: “వెలివాడికి పడవలో చోటు లేదని రాసినాయన్నే అడుక్కోమను.”

5. ఇక మిగిలినది ఇరవై ఏడో నియమం. చెరలో ఉన్నవాడు ఎలాంటివాడైనా, ఏ తప్పు చేసినా, ఇంటివాళ్ళు వెళ్ళి చూడాలి, మాట్లాడాలి, తిండి పెట్టాలి. ఇది బురుజులోనే రాశాను. అప్పట్లో ప్రతి గురువారం రోసీనా నాలుగు గంటలు మంచులో నడిచి సూపు తెచ్చేది. “టోపీ తీస్తే తల ఊడి పడుతుందా నీకు? నీ మొండితనానికి నా కాళ్ళరిగిపోతున్నాయి. తాగు, చల్లారిపోద్ది” అనేది. ఆ తిట్లు ఒక్కసారి వినాలని ఉంది.

6. మొన్న శుక్రవారం తమ కచేరీలో టోపీ తియ్యకుండా గంటసేపు నిలబడ్డాను. తమ గుమస్తా నవ్వి, “ఇప్పుడు దానికి జైలు లేదు పెద్దాయనా. చలిగా ఉంది, ఉంచుకోండి” అన్నాడు. ఈ దయ నా కొంప ముంచింది.

కావున తమరు కరుణించి, తగిన నేరమేదైనా మోపి, నన్ను చెరలో పెట్టించి, నా భార్యకు కబురు పంపించవలసినదిగా ప్రార్థన. ఆమెతో పడవెక్కనివ్వమని అడగడం లేదు. చెంచా దాచుకున్నందుకు నాకు కోపం లేదని, సంతోషమేసిందని చెప్పుకోనిస్తే చాలు.

చిత్తగించవలెను.

ఇన్నాళ్ళూ ఎవరికీ విధేయుడు కానివాడు, ఇప్పుడు తమకు,
యెరెమియాస్ ఔవెర్టర్

తా.క. ఈ కాగితం తమ కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చింది. చుట్టిన రాయిని పారెయ్యకండి, సాక్ష్యానికి పనికొస్తుంది. ఎవరిదని అడిగితే నాది, నా సొంతమని రాసుకోండి. బయట మెట్లమీదే కూర్చుని ఉన్నాను. తొందరగా పట్టుకోండి బాబూ, ఆమె గురువారాలే వస్తుంది.